చూడకుండా గీసిన మచ్చ

నవంబరు ఎనిమిదో తారీఖు సాయంత్రం నేనొక అబద్ధం గీశాను. పెన్సిలుతో, తెల్ల కాగితం మీద, వేళ్ళ కొనలు లేని ఉన్ని గ్లౌజుతో, ఏ తడబాటూ లేకుండా గీశాను. డెబ్బై ఆరేళ్ళు వచ్చాక అంత నిబ్బరంగా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

నా స్నేహితురాలు రోనా, నేనూ ఇరవై రెండేళ్ళుగా కలిసి ఆకాశం చూస్తున్నాం. గాలొవే అడవి అంచున రాయి తవ్వడం మానేసిన క్వారీ ఒకటుంది. ఊరి దీపాలు అక్కడికి రావు. చంద్రుడు లేని వారంలో మబ్బు విడిచిందంటే చాలు, టెలిస్కోపులు రెండూ నా కారులో వేసుకుని వెళ్తాం. కారు నేనే నడపాలి. రోనాకు ఒకసారి మూర్ఛ వచ్చినప్పటి నుంచి లైసెన్సు లేదు. ఉన్న రోజుల్లో ఆమె పోస్టు బండి నడిపేది. నేను బడి వంటింట్లో ముప్పై ఏళ్ళు సూపు కలిపాను. పదిహేనో ఏట చదువు మానేసిన నాకు నక్షత్రాల పేర్లు నేర్పింది రెండు వారాలకోసారి మా వీధిలో ఆగే లైబ్రరీ బండి.

మా పద్ధతి ఒకటుంది. సాయంత్రానికి ఒక్క వస్తువునే ఎంచుకుంటాం. అది గెలాక్సీ కావచ్చు, నీహారిక కావచ్చు, నక్షత్రాల గుంపు కావచ్చు. ఎవరి టెలిస్కోపులో వాళ్ళు చూస్తూ, చీకటికి అలవాటైన కళ్ళు చెదరని ఎర్ర దీపం వెలుగులో, ఒకరికొకరు వీపు పెట్టి ఇరవై నిమిషాలు గీస్తాం. తర్వాత కాగితాలు మార్చుకుంటాం. ఆపైన ఆమె నా టెలిస్కోపులోనూ నేను ఆమె టెలిస్కోపులోనూ చూస్తాం. నియమం ఒక్కటే. కనిపించిందే గీయాలి, తెలిసింది గీయకూడదు. ఇది మేం కనిపెట్టింది కాదు. మాలాంటి వాళ్ళందరికీ ఉన్నదే. పుస్తకాల్లో ఫొటోలు ఎన్నయినా ఉంటాయి. వాటిని చూసి గీసేవాడు చలిలో నిలబడనక్కర లేదు.

ఆ రోజు మేం ఎంచుకున్నది త్రిభుజరాశిలోని గెలాక్సీ. మాకిద్దరికీ అదంటే ప్రాణం. అది పెద్దదే గాని పలుచన. పెద్ద పళ్ళెంలో ఒక చెంచా పాలు పోసి పళ్ళెం వంచినట్టుంటుంది. ఈశాన్యపు అంచున దానికొక చిన్న మచ్చ ఉంది. కొత్త నక్షత్రాలు పుడుతున్న మేఘం అది. సూటిగా చూస్తే కనపడదు. చూపు కొంచెం పక్కకు పెట్టి, దాన్ని పట్టించుకోనట్టుంటే, మెల్లగా వస్తుంది. ఆ మచ్చ కనిపించిన రాత్రిని మేం మంచి రాత్రి అంటాం.

ఆ సాయంత్రం నాకు మచ్చ కనపడలేదు. మచ్చ మాట అటుంచి, గెలాక్సీయే ఉందో లేదో చెప్పలేకపోయాను.

భయం అప్పటికే నెల రోజుల పాతది. అక్టోబరులో రోనా ఆబర్డీన్‌లో కూతురింటికి వెళ్ళింది. ఒంటరిగా క్వారీకి వెళ్ళడం నాకు చేతకాదు కనుక ఇంటి పెరట్లోనే టెలిస్కోపు పెట్టాను. హంసరాశిలో ముసుగు నీహారిక కోసం గంటసేపు వెతికాను. లేదు. డంబెల్ నీహారిక మసక మసకగా ఉంది. హెర్క్యులిస్‌లోని నక్షత్రాల గుంపు, పంచదార ఒలికినట్టు పలుకులు పలుకులుగా కనిపించవలసినది, వట్టి పొగముద్దలా ఉంది. పక్కింటివాళ్ళు కొత్తగా వేసిన దీపం మీదికి తప్పు నెట్టాను. మర్నాడు వాళ్ళు ఊళ్ళో లేరు, దీపం లేదు. అయినా అంతే.

మా అమ్మకు అరవై ఎనిమిదో ఏట చూపు మధ్యలో మసక మొదలైంది. మొదట చీకట్లో వస్తువులు పోయాయి, తర్వాత పేపర్లో అక్షరాలు, తర్వాత మా మొహాలు. చివరి రెండేళ్ళు ఆమె నా చెవి వైపు చూస్తూ మాట్లాడేది, ఎందుకంటే పక్క చూపు మాత్రమే మిగిలింది. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే ఆమె నుంచి నేను దూరమైపోయాను. మా ఆయన ఆలెక్ ఒక మంగళవారం ఉదయం టీ సగం తాగి రంపపు మిల్లుకు వెళ్ళి తిరిగి రాలేదు. వీటిలో ఏది ఎక్కువ బాధో నేను తేల్చుకోలేను. కాలం మారి ఒక రాశి పడమటికి దిగుతుంటే కూడా నాకు స్టేషనులో రైలు కదిలినట్టే ఉంటుంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తుందని తెలిసినా సరే.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే చెప్పేస్తారు. చెప్పనంత కాలం ఇంకా కొంచెం ఉన్నట్టే. మామూలు కళ్ళతో కృత్తికల్లో ఎన్ని చుక్కలు కనిపిస్తాయో లెక్కపెడితే అసలు సంగతి తెలుస్తుంది. ఆ లెక్క పెట్టడానికి కూడా ధైర్యం చాలక, ఇంటి బయటికి వస్తే తల వంచుకుని నడిచేదాన్ని.

ఇంత భయంతో, ఆ నవంబరు సాయంత్రం, నేను జ్ఞాపకంలోంచి గీశాను. ఏడేళ్ళ కిందటి ఒక గొప్ప రాత్రి చూసిన గెలాక్సీని గీశాను. రెండు వంకరలు, నడుమ మెరుపు, ఈశాన్యాన మచ్చ. రోనా నా కాగితాన్ని తన కాగితం పక్కన పెట్టి మార్చి మార్చి చూసింది.

"మచ్చ కూడానా?" అంది చివరికి.

"ఆ. కొంచెం కష్టపడితే."

"నీ కళ్ళు పిల్లికళ్ళే, ఎఫీ."

ఆమె కాగితం మీద ఉన్నది ఒక చిన్న మసక మాత్రమే. ఆమె టెలిస్కోపు నాదానికన్నా చిన్నది, అంతేలే అనుకున్నాను. ఆ రోజు రోనా నా టెలిస్కోపులో చూస్తానని రాలేదు. నేను ఆమెదాంట్లో చూస్తానని వెళ్ళలేదు. వెళ్తే "ఏం కనిపిస్తోంది?" అని అడుగుతుంది. ఆమె రాకపోవడం నా అదృష్టమనుకున్నాను. చలి ఎక్కువైందని ఇద్దరం తొందరగా సర్దేశాం.

తర్వాత నాలుగు వారాలు వాన. ఆ వానలో కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. చీకట్లో కొండదారిన రోనాను పక్కన పెట్టుకుని కారు నడిపేది నేను. కళ్ళు పోతున్న మనిషి ఆ పని చేయకూడదు. మా ఖగోళ క్లబ్బు కార్యదర్శి లాక్లన్‌కు ఫోను చేశాను.

"నా టెలిస్కోపు క్లబ్బుకు ఇచ్చేస్తాను, లాక్లన్. ఎవరైనా కుర్రవాళ్ళకు పనికొస్తుంది."

"అదేంటి ఎఫీ గారూ? పది అంగుళాల అద్దం! ఒంట్లో బాగాలేదా?"

"మోకాళ్ళు. బరువు ఎత్తలేకపోతున్నాను."

"ఎత్తడానికి నేను వస్తాగా..."

"శనివారం వ్యాన్ తీసుకురా," అని ఫోను పెట్టేశాను. రోనాకు చెప్పలేదు. చివరిసారి కలిసి వెళ్ళి, అక్కడే చెబుదామనుకున్నాను. చెప్పకుండా వెళ్ళిపోయిన వాళ్ళను నేను చూశాను కనుక, నేను చెప్పే వెళ్ళాలనుకున్నాను.

డిసెంబరు ఆరున, శుక్రవారం, ఉత్తరపు గాలి మబ్బును తుడిచేసింది. నాలుగున్నరకే చీకటి. ఐదింటికి బయల్దేరాం. నేను కారును నెమ్మదిగా నడిపాను, చాలా నెమ్మదిగా.

"ఏమే, శవపేటిక వెనక వెళ్తున్నట్టు నడుపుతున్నావు," అంది రోనా. "అదిగో, ఆ గొర్రె మనల్ని దాటి పోయింది."

"దారి మీద మంచు గడ్డకట్టింది."

"నేనైతే ఇదే దారిలో ఈపాటికి మూడు ఫారాలకు ఉత్తరాలు పంచేసేదాన్ని."

క్వారీలో గాలి లేదు. టెలిస్కోపులు నిలబెట్టి, అద్దాలు చల్లబడేదాకా కారులో కూర్చుని బార్లీ సూపు తాగాం. కప్పు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కారు ముందు అద్దంలోంచి బయటికే చూస్తూ చెప్పేశాను.

"రోనా, నాకిది ఆఖరుసారి. రేపు లాక్లన్ వచ్చి నా టెలిస్కోపు పట్టుకెళ్తాడు."

ఆమె సూపు తాగడం ఆపింది.

"ఎందుకు?"

"మోకాళ్ళు."

"నీ మోకాళ్ళు నావాటికన్నా బాగున్నాయి. మొన్న బస్సు కోసం పరిగెత్తావు, చూశాను." కప్పు పక్కన పెట్టింది. "చూడు, ఆ మాట నేను చెప్పాలని వచ్చాను. నువ్వు ముందు చెప్పేశావు."

"నువ్వా? నువ్వెందుకు మానేస్తావు?"

"నాకు కళ్ళు పోతున్నాయే, ఎఫీ."

నేను గబుక్కున ఆమె వైపు తిరిగాను, మోకాళ్ళ మధ్య కప్పు వంగి ఒళ్ళో సూపు ఒలికింది. ఆమె గమనించలేదు.

"పోయిన నెల నువ్వు గీసిన బొమ్మ చూశాక నాకు నిద్ర లేదు," అంది. "ఆ మచ్చ నాకు కనపడలేదు. వంకరలూ కనపడలేదు. పక్కకు చూశా, ఇటు చూశా, ఊపిరి బిగబట్టి చూశా. ఏం లేదు. నీదాంట్లో చూస్తే అందులోనూ కనపడదేమోనని భయమేసి రాలేదు. ఇంటికెళ్ళి చిన్నపిల్లలా ఏడ్చా. కళ్ళ డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళా. చుక్కలేసింది, దీపం కొట్టింది, ఏం లేదంటుంది. ఆ పిల్లకేం తెలుసు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పొయ్యి దగ్గర కళ్ళు మూసుకుని టీ పెట్టుకోవడం నేర్చుకుంటున్నా. ఇదిగో."

గ్లౌజు తీసి మణికట్టు చూపించింది. ఎర్రదీపంలో కాలిన గాయం నల్లగా కనిపించింది.

నేను ఊరుకుంటే ఆ అబద్ధం అలాగే ఉండిపోయేది. ఆమెకు కళ్ళు పోతున్నాయని ఆమె నమ్మేది. నాకు పోతున్నాయని నేను దాచేదాన్ని. ఇద్దరం ఎవరింట్లో వాళ్ళం తలుపులేసుకుని కూర్చునేవాళ్ళం. ఆ మణికట్టు చూడకపోతే నేను ఊరుకునేదాన్నేమో కూడా. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"నేను ఆ మచ్చ చూడలేదు, రోనా."

"ఏంటీ?"

"ఆ రోజు నాకేమీ కనపడలేదు. పాత బొమ్మ గుర్తుంటే అది గీశా."

ఆమె నన్ను చూసింది. తర్వాత కారు తలుపు తీసి దిగి, క్వారీ అవతలి గోడ దాకా నడిచి వెళ్ళింది. చీకట్లో ఆమె కోటు కూడా కనిపించలేదు, గులకరాళ్ళ మీద బూట్ల చప్పుడు మాత్రం వినిపించింది. అటు నడుస్తోంది, ఇటు నడుస్తోంది. ఇరవై రెండేళ్ళ స్నేహం ఇలా ముగుస్తుందన్నమాట అనుకున్నాను. మనసులో నేనప్పుడే ఆమె ఫోను నంబరును డైరీలోంచి కొట్టేస్తున్నాను. చప్పుడు దగ్గరైంది.

"నాలుగు వారాలు!" అంది తలుపు దగ్గర నిలబడి. "నాలుగు వారాలు గుడ్డిదానిలా బతకడం ప్రాక్టీసు చేశానే దరిద్రురాలా! నా కూతురికి ఫోను చేసి, నా పియానో నువ్వు తీసుకో అని చెప్పాను!"

"నీకు పియానో వాయించడం రాదుగా."

"రాదు! అయినా ఇచ్చేశాను!"

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు భయమేసింది. ఆమె నవ్వలేదు, కానీ కారులోకి వంగి నా ఒళ్ళో ఒలికిన సూపును తన మఫ్లరుతో తుడిచింది.

"కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చుగా. ఎందుకు గీశావు?"

"పోతున్నవి నా కళ్ళు కనుక. అక్టోబరు నుంచే. మా అమ్మకు వచ్చిందే నాకూ వచ్చింది. ముసుగు నీహారిక పోయింది, అన్నీ పోతున్నాయి. నీకు చెబితే కారు ఆగిపోతుంది. కారు ఆగితే ఇదంతా ఆగిపోతుంది."

రోనా నడుం ఎత్తి ఆకాశం వంక చూసింది.

"ఆ రోజు పైన పలుచటి మంచు పొర ఉంది," అంది, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "అందుకే నాకు మసకగా కనిపించింది. నీది నమ్మి నేను మంచును మర్చిపోయా. సరే. మరి అక్టోబరు సంగతేంటి? దిగు."

"ఎందుకు?"

"దిగమన్నానా. నా కళ్ళు బాగున్నాయని డాక్టరు రెండుసార్లు చెప్పింది, నువ్వు ఇప్పుడు చెప్పావు. నీ టెలిస్కోపులో నేను చూస్తా."

దిగాను. టెలిస్కోపును త్రిభుజరాశి వైపు తిప్పి, దాని మీదున్న చిన్న దూరదర్శినితో గురి సరిచూసుకుని, రోనా కన్ను పెట్టింది. నేను పక్కన నిలబడి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. ఆమెకు కనపడితే నా కళ్ళు పోయినట్టే. ఒక్క క్షణం, దేవుడు క్షమించాలి, ఆమెకు కనపడకూడదని కోరుకున్నాను.

"ఇదేంటే," అంది. "పొయ్యి గొట్టంలోంచి చూస్తున్నట్టుంది."

"కనిపిస్తోందా?"

"ఏం కనిపిస్తుంది నా మొహం! నాదాంట్లో దీనికన్నా నయం. నీ అద్దం ఇంత పెద్దది, నాది ఇంతే. దీంట్లో నవంబరు బాణసంచాలా వెలగాలిగా?"

ఆమె కన్ను పెట్టే కటకాన్ని గొట్టంలోంచి బయటికి లాగి, ఎర్రదీపం ముందు పట్టి, అడుగు భాగం చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా, మరీ నెమ్మదిగా, కటకం అడుగున ఏదో తిప్పడం మొదలుపెట్టింది. మర సన్నగా కీచుమంది. బిళ్ళంత నల్లటి గాజు ఒకటి ఊడి ఆమె అరచేతిలో పడింది.

"ఎఫీ."

"ఆ."

"చంద్రుణ్ణి చూసే గాజు కదే ఇది?"

సెప్టెంబరులో ఊరి హాలు ముందు తిరనాళ్ళు జరిగినప్పుడు, అడిగినవాళ్ళందరికీ చంద్రుణ్ణి చూపించాను. పది అంగుళాల అద్దంలో చంద్రుడు కళ్ళు జిగేల్మనేలా ఉంటాడు కనుక వెలుగు తగ్గించడానికి ఈ నల్ల గాజు బిగిస్తాం. బిగించాను. తీయలేదు. అది కటకం లోపలికి దాక్కుని ఉంటుంది, పైకి కనపడదు. నాకున్న రెండు కటకాల్లో రెండోది వస్తువును మరీ పెద్దది చేసి మసకవాటిని ఇంకా మసక చేస్తుందని నేను ముట్టుకోను. రెండున్నర నెలలు ఆకాశాన్నంతా నల్ల గాజులోంచి చూస్తూ, కళ్ళు పోయాయని కూర్చున్నాను.

నేను అక్కడే మడత స్టూలు మీద కూలబడ్డాను. నవ్వు ఎక్కిళ్ళలాగా వచ్చింది, దాంతో ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఊపిరాడనివ్వలేదు. రోనా నా వీపు మీద గట్టిగా చరిచింది. కోపం ఇంకా ఉన్నట్టే చరిచింది.

"లే. లేచి చూడు."

"నువ్వే చూసి చెప్పు."

"నేను చెప్పను. నీ కళ్ళు, నువ్వే చూసుకో."

గాజు లేకుండా కటకం బిగించి కన్ను పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత చూపు కొంచెం ఎడమకు జరిపాను. అప్పుడు వచ్చింది. పెద్దది, పలుచనిది, దాని చుట్టూ సన్నటి చుక్కలు, నడుమ నుంచి ఒక వంకర, అవతల ఇంకొకటి. టెలిస్కోపును వేలితో ఒకసారి మెల్లగా తట్టాను. గెలాక్సీ కదిలింది. కళ్ళలో ఉన్నదైతే కదలదు. ఇంకోసారి తట్టాను. ఇంకోసారి కదిలింది.

"ఉంది," అన్నాను.

"ఎక్కడికి పోతుంది," అంది రోనా. "వందల కోట్ల ఏళ్ళుగా ఉంది, నీకోసం ఆగకుండా వెళ్ళిపోతుందా?"

తల ఎత్తి కృత్తికల వంక చూశాను, రెండు నెలల్లో మొదటిసారి. ఏడు లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్క మర్చిపోయాను.

రోనా అప్పటికే కారులోంచి, ప్రతి రాత్రి ఇద్దరి కాగితాలూ పక్కపక్కన అంటించే మా బొమ్మల పుస్తకం తెచ్చింది. నవంబరు ఎనిమిది పేజీ తెరిచి, పెన్సిలు నా చేతిలో పెట్టింది.

"రాయి."

"ఏం రాయను?"

"జరిగిందే."

బొమ్మ కింద రాశాను. 'ఇది చూసి గీసినది కాదు. జ్ఞాపకం. ఎఫీ.' పేజీ చించేద్దామా అని అడిగాను. చించకూడదంది. చించితే ఆ సాయంత్రం ఆమె చూసిన మసకకు కూడా విలువ పోతుందట. తన బొమ్మ పక్కన 'పలుచటి మంచు' అని చేర్చింది.

"సోమవారం నిన్ను ఆ డాక్టరు పిల్ల దగ్గరికి లాక్కెళ్తాను," అంది. "కళ్ళు చూపించుకుని ఎన్నేళ్ళయింది?"

"ఆరు."

"ఆరేళ్ళు! నన్ను బండిలో వేసుకుని తిప్పుతూ! తొమ్మిదింటికి సిద్ధంగా ఉండు. బస్సులో పోదాం."

"ఏమైనా ఉందని చెబితే?"

"చెబితే విందాం. ఇద్దరం విందాం. రేపు లాక్లన్ వస్తే సూపు పోసి ఖాళీ వ్యాన్‌తో పంపించు. ఇప్పుడు కూర్చో. ఇరవై నిమిషాలు."

వీపులు ఆనించి కూర్చున్నాం. ఈసారి నేను వట్టి కాగితం ముందు చాలాసేపు ఏమీ గీయలేదు. చూశాను. తెలిసినదాన్ని పక్కకు నెట్టి చూశాను. ఒక వంకర స్పష్టంగా ఉంది, గీశాను. రెండోది సగం దాకా ఉంది, సగమే గీశాను. ఈశాన్యాన మచ్చ ఒకసారి వచ్చి పోయింది. ఆగాను. మళ్ళీ వచ్చింది, పోయింది. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం పెన్సిలు మొనతో కాగితాన్ని ముట్టుకుని, వేలితో కొంచెం చెరిపాను.

కాగితాలు మార్చుకున్నాం. రోనా నా బొమ్మను ఎర్రదీపం కింద పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది. ఆమె బొమ్మలో ఆ చోట ఏమీ లేదు.

"మచ్చ పెట్టావు," అంది.

"పెట్టాను."

"సరే, జరుగు."

ఇరవై రెండేళ్ళలో ఒకరి బొమ్మను ఒకరం ఎప్పుడూ తనిఖీ చేయలేదు. సరదాగా చూసేవాళ్ళం, అంతే. ఇప్పుడు ఆమె నా కాగితాన్ని ఒక చేత్తో పట్టుకుని, అధికారిలా నా టెలిస్కోపు మీదికి వంగింది. నేను అభ్యంతరం చెప్పలేదు. అలా ఎన్నిసార్లు తనిఖీ చేసినా సరేననిపించింది. ప్రతిసారీ ఆమె ఇక్కడ ఉండాలి కదా.

చాలాసేపు చూసింది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. గాలిలో ఆమె ఊపిరి ఆవిరై లేస్తోంది, కటకానికి తగలకుండా పక్కకు వదులుతోంది. ఏమంటుందోనని నేను నా ఊపిరి కూడా ఆపుకున్నాను.

"కొంచెం పైకి గీశావు," అంది కన్ను తీయకుండా. "ఇంకాస్త కిందికి ఉండాలి."

"అంటే?"

"అంటే ఏముందే మొద్దూ. ఉంది. ఉందని అంటున్నా."